బీరన్న బండికి పికప్ వచ్చిన రోజు

మక్తల్ నుంచి కృష్ణానది వైపు పోయే రోడ్డు మీద ఏ టీ కొట్టు దగ్గర ఆగి అడిగినా, మొన్న మొన్నటి వరకు బీరన్న గురించి ఒకే మాట చెప్పేవారు. చేతిలో కర్ర ఉండదు, నోట కూత ఉండదు, మోటారు బండి మీద దర్జాగా కూర్చుని నూట నలభై గొర్రెలను వెంట తిప్పుకుంటాడని. అందులో అబద్ధమేమీ లేదు. బీరన్న మొదటి గేరులో మెల్లగా పోతుంటే మంద మొత్తం వెనుక బారు కట్టి నడిచేది. అతడు ఎడమకు తిరిగితే ఎడమకు తిరిగేది, ఆగితే ఆగేది. లారీల వాళ్లు పక్కకు నిలిపి ఫోన్లలో పట్టుకునేవారు. అలా పట్టిన వీడియో ఒకటి ఊళ్లన్నీ తిరిగి చివరికి బీరన్న ఫోనుకే వచ్చింది. ఆనాటి నుంచి మనవాడు నల్ల కళ్లద్దాలు లేకుండా మంద దగ్గరికి పోవడం మానేశాడు.

ఆ వీడియోలో బీరన్న ఉన్నాడు, బండి ఉంది, గొర్రెలున్నాయి. మంద తోకన దుమ్ములో, చంకలో కుంటి పిల్లను ఎత్తుకుని నడిచే ఆడమనిషి మాత్రం లేదు. ఆమె దాకా రాకముందే వీడియో అయిపోయింది. ఆమె పేరు భద్రమ్మ, బీరన్న భార్య.

బీరన్న తండ్రి చెన్నయ్య జీవితమంతా కాలినడకనే మంద కాశాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, నోట ఒక కూత. నాలుకను అంగిట కొట్టి, గొంతులోంచి సాగదీసి పిలిచేవాడు. ఆ కూత వింటే ఎక్కడెక్కడి గొర్రెలూ తలలెత్తేవి. బీరన్నకు ఆ పని చిన్నప్పటి నుంచి పడలేదు. పదేళ్ల వయసులో మడమలో దిగిన తుమ్మ ముల్లు లోపలే విరిగి, చీము పట్టి, నెల రోజులు మంచాన పడేసింది. నడక అంటేనే ఒళ్లు మండేది. ఏడో తరగతితో బడి మానేసి, పెళ్లయ్యాక కూడా చాలా ఏళ్లు పుణెలో బిల్డింగుల పనికి పోయాడు. తండ్రి పోయాక మందను చూసే దిక్కు లేక తిరిగొచ్చాడు. అప్పటికి ఆ మందను ఆరు నెలలుగా భద్రమ్మే కాస్తోంది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, పాలమూరులో ఒక పాత బండి కొన్నాడు. చిన్న ఇంజనుది, నల్లది, అప్పటికే ఒక పంతులు పదేళ్లు తోలి వదిలించుకున్నది. దాని సంగతి ఏమని చెప్పాలి. ఇంజన్‌లో ఎప్పుడూ టకటకమని ఒక చప్పుడు. చైను మీది రేకు కవరు మర వదులై గలగలలాడేది. సైలెన్సర్‌కు తుప్పు పట్టి చిల్లు పడింది కనుక సన్నగా ఈల కూడా వేసేది. బీరన్న వస్తున్నాడంటే ఊరు ఊరికీ ముందే తెలిసేది.

ఆ మొదటి ఎండాకాలం గడ్డి లేక మంద బక్కచిక్కింది. బీరన్న తుమ్మకాయలు ఏరి, గోనె సంచిలో నింపి, బండికి కట్టుకుని, తోలుతూ తోలుతూ గుప్పెడు గుప్పెడు వెనక్కి విసిరేవాడు. గొర్రెలకు తుమ్మకాయలంటే ప్రాణం. సంచి వెంట పడి కోసులు నడిచాయి. వానలు పడ్డాయి, గడ్డి మొలిచింది, సంచి పోయింది. గొర్రెలు మాత్రం బండి వెంట నడవడం మానలేదు. పుట్టిన పిల్లలు తల్లులను చూసి నేర్చుకున్నాయి. తర్వాత సర్కారు పథకంలో వచ్చిన ఇరవయ్యొక్కటి కూడా మందలో కలిసి అదే దారి పట్టాయి. సంచి సంగతి బీరన్న పూర్తిగా మరిచిపోయాడు. టీ కొట్టు దగ్గర ఎవరైనా అడిగితే, "అవిటికి నా మీద పాణం" అనేవాడు. ఆ మాట నిజమని అతడు మనసారా నమ్మాడు. తండ్రి కూత వేసి పిలిచేవాడు, తాను కూత కూడా వేయకుండా తిప్పుతున్నాడు. అంటే తండ్రి కన్నా తాను ఒక మెట్టు పైనే ఉన్నానని లోపల లోపల ఒక గర్వం.

చిక్కల్లా ఎత్తుల దగ్గర వచ్చింది. బండికి రెండు నీళ్ల క్యాన్లు, మంద చుట్టూ కట్టే వలలు, వంట సామాను, జాలీ సంచిలో ముందురోజు పుట్టిన పిల్లలు. ఇంత బరువుతో వాగు దాటి ఒడ్డు ఎక్కాలంటే బండికి ఊపిరి ఆడేది కాదు. కిందటి ఎండాకాలం ఒడ్డు సగం ఎక్కి ఆగిపోయింది. బ్రేకు పట్టినా ఇసుకలో నిలవక వెనక్కి జారి పక్కకు పడింది. సంచిలోని మూడు పిల్లల్లో ఒకటి క్యాను కింద నలిగి చచ్చిపోయింది. తల్లి గొర్రె రెండు రోజులు ఆ ఒడ్డు దిక్కు చూసి అరిచింది.

"రెండు మాట్ల తెచ్చుకుంటె అయిపోవు. అంత బరువు ఒక్కసారె ఎందుకు ఎత్తుడు?" అంది భద్రమ్మ.

"బండికి పికప్ లేదే. పికప్ ఉంటె ఇట్ల గాకపోవు" అన్నాడు బీరన్న. కొత్త బండి కొందామంటే పది పన్నెండు గొర్రెలను అమ్మాలి. ఆ మాటకు భద్రమ్మ ఒప్పుకోదు, అతడికీ మనసు రాదు. ఉన్న బండికే బలం ఎక్కించాలని అనుకున్నాడు.

మక్తల్‌లో బెంజమిన్‌కు ఒక రేకుల షెడ్డు ఉంది. అతడి తండ్రి బక్కయ్య ఒకరి కింద జీతం ఉన్న మనిషి. కొడుకు హైదరాబాదులో పదేళ్లు పని నేర్చుకుని వచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. చెయ్యి మంచిదని పేరు. అవసరం లేని పని చేసి పైసలు గుంజడని ఇంకా పెద్ద పేరు.

"తమ్మీ, గీ బండికి జర పికప్ రావాలె. కొత్తది కొనే తాకత్ నాకు లేదు" అన్నాడు బీరన్న.

బెంజమిన్ ఒక రౌండు తోలి చూసి వచ్చాడు. "పికప్ అంటె రెండు తీర్లుంటది అన్నా. నీకు ఉరుకుడు గావాల్నా, గుంజుడు గావాల్నా?"

"గుంజుడు. ఒడ్డు ఎక్కాలె."

"అట్లయితె ముందటి స్పాకెట్ చక్రం ఒక పన్ను తక్కువది ఏస్త. చైను గిట్ల కలుపుకొని తక్కువలనే ఒడుస్తది. నీ పనికి గది సాలు. స్పీడు జర తగ్గుతది, గని గొర్ల ముందట నీకు స్పీడెందుకు?"

ఆ మనిషి చెప్పింది నూటికి నూరు పాళ్లు సరైన సలహా. అంతటితో బీరన్న తల ఊపి ఉంటే ఈ కథే లేదు. కానీ వీడియోలో పడ్డ మనిషికి ఒక పన్ను మార్చుకుని పోవడం చిన్నతనంగా అనిపించింది.

"సాలుడు గాదు తమ్మీ. మొత్తం గావాలె. ఎక్కుతుంటె బండి అనిపియ్యాలె" అన్నాడు.

బెంజమిన్ తల గోక్కున్నాడు. మొత్తం కావాలంటే ఏమేం చేయాలో చెప్పాడు. అదే కంపెనీ పెద్ద బండిది పాత బ్లాకు పాలమూరు స్క్రాపు దుకాణంలో చవకగా దొరుకుతుంది. దానికి బోరు కొట్టించి, కొత్త పిస్టను వేసి, లేతు మిషను మీద ఇంజన్ నోరు కాస్త పెద్దది చేయించి దాన్ని కూర్చోబెట్టాలి. కార్బరేటర్ జెట్టు పెద్దది పెట్టాలి, క్లచ్ ప్లేట్లు మార్చాలి. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఇంజన్ ఎక్కువ కాలుతుంది. చివరికి ఇంకో మాట అన్నాడు.

"సైలెన్సర్ ల నడిమి గొట్టాలు కోసేస్తె పైస కర్సు లేకుంట ఇంకింత పికప్ వస్తది. గని సప్పుడు మారుతదన్నా."

"సప్పుడుతోని మనకేం పని. కొయ్యి" అన్నాడు బీరన్న.

ఒక్క పొట్టేలును అమ్మి పని మొదలు పెట్టించాడు. బండిలోంచి తీసిన బ్లాకు, పిస్టను స్క్రాపు దుకాణానికే ఇచ్చేస్తే పెద్ద బ్లాకు ధర కాస్త తగ్గింది. పని నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ బీరన్న షెడ్డు దగ్గరే ఉన్నాడు. మంద ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో పరశురాములు అనే రైతు చేనులో ఉంది, ఎరువు కోసం అతడే పెట్టించుకున్నాడు. కాపు మొత్తం భద్రమ్మే చూసుకుంది. ఎప్పుడూ చూసుకునేదే కనుక దాన్ని ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోలేదు.

బెంజమిన్ మంచివాడు. పాత గిరాకీ కదా అని, పైసా అడగకుండా చైను కవరుకు కొత్త మర బిగించాడు, ఇంజన్‌లోని టకటక పోయేలా సరిచేశాడు, సైలెన్సర్ చిల్లుకు వెల్డింగు పెట్టాడు. తొమ్మిదేళ్ల రోగాలన్నీ ఒక్కసారి కుదిర్చాడు.

నాలుగో నాటి సాయంత్రం బీరన్న కిక్కు కొట్టాడు. షెడ్డు రేకులు అదిరాయి. బండి గొంతు మారిపోయింది, బొంగురుగా, బరువుగా గుర్రుమంటోంది. నీళ్లు నింపిన రెండు క్యాన్లు కట్టి, బెంజమిన్‌ను వెనుక కూర్చోబెట్టుకుని నేరుగా వాగు దగ్గరికి పోయాడు. ఒడ్డు కింద ఆగి, దమ్ము బిగబట్టి ఎక్సిలేటర్ తిప్పాడు. రెండో గేరులోనే బండి ఒడ్డు మీద ఉంది. ఎప్పుడు ఎక్కిందో బీరన్నకు తెలియలేదు. పైకి వచ్చాక దిగి, వెనక్కి పోయి, ఒడ్డును ఒకసారి చూసి, మళ్లీ బండిని చూశాడు. మతి పోయింది. ఒక్క పొట్టేలు ఖరీదుకు ఇంత బలం వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"మెల్లగ తోలు అన్నా. కొత్త పిస్టను, సెట్టు గావాలె" అన్నాడు బెంజమిన్. బీరన్న విన్నాడో లేదో.

మరునాడు పొద్దు పొడిచే వేళకు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మంద దగ్గరికి బయలుదేరాడు. ఆ రోజు మంద పరశురాములు చేను వదిలి అవతలి ఊరి చేనుకు మారాలి. భద్రమ్మ అప్పటికే వల ఒక పక్క విప్పింది. ముందున్న గొర్రెలు బయటికి వస్తున్నాయి. బీరన్న బండిబాట మీద నుంచి వాటి దిక్కు తిప్పి, ఎప్పటిలాగే వాటికి ముందు నిలుపుదామని దగ్గరికి వచ్చాడు.

ముందున్న పెద్ద గొర్రె చెవులు నిక్కించింది. ఒక్క క్షణం కదలలేదు. తర్వాత వెన్ను తిప్పి దూకింది. దాని వెనుక నూట నలభై గొర్రెలూ ఒక్క పెట్టున లేచాయి. వల తెగింది, గుంజలు ఊడాయి, మంద కట్ట తెగిన నీళ్లలా అటు పక్కకు పారిపోయింది.

బీరన్న వెంటనే తన వెనక్కి తిరిగి చూశాడు. తోడేలు వచ్చిందనుకున్నాడు. వెనుక ఎవరూ లేరు. ఖాళీ బండిబాట, దాని మీద తను లేపిన దుమ్ము, అంతే. గొర్రెలు ఎవరిని చూసి ఉరుకుతున్నాయో అతడి బుర్రకు ఎక్కలేదు. తను తప్ప అక్కడ ఇంకెవరూ లేరని కళ్లు చెబుతున్నా మనసు ఒప్పుకోలేదు.

మంద కంచె సందులోంచి నర్సింగమ్మ అనే ముసలామె చేనులోకి పడింది. అది చూసి బీరన్న గుండె జారింది. నర్సింగమ్మ నెల కిందటే జొన్న కోసింది. తర్వాత ఒక వాన పడింది. ఆ వానకు జొన్న మోళ్ల నుంచి జానెడు పిలకలు లేచి, తర్వాత ఎండకు సగం వాడి, చేను నిండా పచ్చగా నిలబడి ఉన్నాయి. అలా వాడిన జొన్న పిలకలో నాము అనే విషం ఉంటుంది. గొర్రె నాలుగు నోళ్లు మేసిందంటే పొట్ట ఉబ్బి, నోరు తెరిచి, గడియలో కాళ్లు తన్నుకుంటుంది. గొర్రెలు కాసే కురుమల ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

వాటిని మళ్లించాలంటే ముందుకు పోయి అడ్డం తిరగాలి. తొమ్మిదేళ్లుగా చేస్తున్న పని అదే. బీరన్న ఎక్సిలేటర్ మొత్తం తిప్పాడు. బండి గర్జించి దుక్కి మీద నుంచే దూసుకుపోయింది, కొత్త బలం కదా. అతడు ఎంత దగ్గరికి పోతే గొర్రెలు అంత దూరం, అంత లోపలికి పరుగెత్తాయి. కుడి నుంచి చుట్టి వస్తే ఎడమకు చీలాయి. ఎడమ నుంచి వస్తే నాలుగు దిక్కులకు చెదిరాయి. బండి కాస్త దూరం పోయిన చోటల్లా ఆగి, రొప్పుతూ, కింద పచ్చగా కనిపించినదాన్ని మేయసాగాయి. రెండు చుట్లు తిరిగాడు. భద్రమ్మ కంచె దగ్గర నిలబడి రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తోంది. ఆమె నోరు కదలడం కనిపించింది, మాట వినపడలేదు. మూడో చుట్టులో ఆమె పరుగున వచ్చి బండికి అడ్డంగా నిలబడింది.

"బండి బందు జెయ్యి. దాన్ని జూసే ఉరుకుతున్నయ్. నీకు దండం బెడ్త, బందు జెయ్యి."

తాళం తిప్పాడు. చేను ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. గొర్రెలు పిలకలు తెంపుతున్న చప్పుడు మాత్రం పరపరా వినిపించింది.

నోరు తెరిచి పిలిచాడు. తండ్రి కూత వేద్దామనుకున్నాడు. నాలుక అంగిట తగలలేదు, గొంతు సాగలేదు. తొమ్మిదేళ్లుగా వేయని కూత ఎక్కడి నుంచి వస్తుంది. ఎవరినో తిట్టినట్టు ఒక కేక వచ్చింది. దగ్గరలో ఉన్న గొర్రె తల ఎత్తి అతడిని చూసింది. చూసి, ఎవరో అనుకున్నట్టుగా, మళ్లీ తల దించి మేసింది. కళ్లద్దాలు తీసి పారేశాడు, ముఖం చూసైనా పోల్చుకుంటాయేమోనని. ఇంకోసారి పిలిచాడు. పేర్లు పెట్టి పిలుద్దామనుకుంటే ఒక్కదాని పేరూ నోటికి రాలేదు. తనవి అనుకున్న నూట నలభై గొర్రెల్లో తనను ఎరిగింది ఒక్కటీ లేదు.

భద్రమ్మ అతడి కోసం ఆగలేదు. చేను నడుమకు పోయి, కొంగు నడుముకు చుట్టి, నాలుక అంగిట కొట్టి ఒక కూత వేసింది. చెన్నయ్య కూత. అచ్చం అదే, చివర కాస్త సన్నగా, అంతే తేడా. "దా పుల్లీ, దా బొల్లీ, నడు బిడ్డా నడు" అంటూ ఒక్కొక్కదాన్ని పేరున పిలుచుకుంటూ, వెనక్కి కూడా చూడకుండా కంచె దిక్కు నడిచింది. ముందు రెండు గొర్రెలు తల ఎత్తాయి. తర్వాత పది. తర్వాత నోళ్లలో పిలకలు వేలాడుతుండగానే మంద మొత్తం ఆమె వెంట కదిలింది. ఆ కూత ఆమె ఎప్పుడు నేర్చుకుందో, ఎన్నేళ్లుగా వేస్తోందో బీరన్నకు తెలియదు. ఇప్పుడే మొదటిసారి విన్నాడు.

కంచె దాటేసరికే వెనుక కొన్ని తూలడం మొదలు పెట్టాయి. ఒకటి ముందు కాళ్ల మీద కూలబడింది. భద్రమ్మ వంట సామానులోని బెల్లం నీళ్లలో పిసికి ఒక్కొక్కదాని నోట్లో పోస్తూ, "పశువుల దవాఖానకు పో. సూది ఏసేటాయనను తోల్కరా. పో" అని అరిచింది.

ఏడు కిలోమీటర్లు. బీరన్న ఎలా పోయాడో, ఎలా వచ్చాడో అతడికే గుర్తు లేదు. దవాఖానలో డాక్టరును మందుల పెట్టెతో సహా వెనుక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. దారిలో వాగు ఒడ్డు వచ్చింది. బండి ఆగలేదు, జారలేదు, నిన్నటిలాగే అవలీలగా ఎక్కింది. "మంచి పికప్ ఉందే" అన్నాడు డాక్టరు, అతడి భయం పోగొట్టడానికి ఏదో ఒకటి మాట్లాడాలని. బీరన్నకు ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది.

డాక్టరు సూదులకు తొమ్మిది గొర్రెలు లేచి నిలబడ్డాయి. ఆరు లేవలేదు. అందులో రెండు చూడివి. బీరన్న వాటి పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఏడవడానికి కూడా రాలేదు.

కబురు తెలిసి మధ్యాహ్నానికి బెంజమిన్ పరుగున వచ్చాడు. చచ్చిన గొర్రెలను చూసి అతడి ముఖం పాలిపోయింది. "పాత సప్పుడే మల్ల తెస్త అన్నా. ఫికర్ జెయ్యకు" అన్నాడు. అక్కడే బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఈ నాలుగు రోజుల్లో తను బిగించిన మరలను ఇప్పుడు వదులు చేయసాగాడు. చైను కవరును వదిలితే గలగల వచ్చింది. ఇంజన్‌లో టకటక కూడా రాబట్టాడు. సైలెన్సర్‌కు సుత్తి, మేకు పెట్టి తన చేత్తోనే చిల్లు కొట్టాడు. పని నేర్చిన పదిహేనేళ్లలో బండిని చెడగొట్టడానికి ఇంత చెమటోడ్చింది అదే మొదలు. ప్రతిసారీ కిక్కు కొట్టి ఇద్దరూ దూరంగా ఉన్న మంద దిక్కు చూసేవారు. మంద చెవులు నిక్కించి నాలుగడుగులు వెనక్కి వేసేది. మూడుసార్లు అలాగే అయింది. లోపలి బ్లాకే వేరైనప్పుడు పై రోగాలు ఎన్ని అంటించినా పాత గొంతు రాదు. పాత బ్లాకు కోసం స్క్రాపు దుకాణానికి ఫోన్ చేస్తే అది నిన్ననే లోడులో పోయిందన్నారు.

బెంజమిన్ చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు.

పొద్దు వాలుతోంది. భద్రమ్మ తెగిన వలకు ముడులు వేస్తోంది. బీరన్న ఆమెకు కాస్త ఎడంగా కూర్చున్నాడు. ఆ ముడుల దిక్కు చూస్తూ అడిగాడు.

"అయితే ఇన్నేండ్లు అవి నా ఎంబడి రాలేదన్నట్టేనా?"

"బండెంబడి వచ్చినయ్" అంది భద్రమ్మ, ముడి మీది నుంచి చూపు తిప్పకుండా.

"నీకెప్పటి సంది ఎరుక?"

"ఎప్పటి సందేంది. నువ్వు తుమ్మకాయల సంచి ఇప్పేసిన నాటి సంది ఎరుకనే. వారం దినాలు ఆ బండెనుక నేల వాసన జూసుకుంట నడిచినయ్. నేను ఎనుక నుంచి జూస్తుంటి గద."

తొమ్మిదేళ్లు టీ కొట్ల దగ్గర తను చెప్పిన మాటలన్నీ బీరన్నకు ఒక్కొక్కటే గుర్తుకు వచ్చి సిగ్గుతో చెవులు కాలాయి. పక్కనే నిలబడి విన్న రోజుల్లో కూడా భద్రమ్మ ఒక్కసారీ నవ్వలేదు.

"మరి నాకెందుకు జెప్పకపోతివే? గీ బండి పని జేయించేటప్పుడన్న జెప్పకపోతివి."

భద్రమ్మ చేతిలోని తాడు ఆపింది. కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టుగా అంది.

"ఎట్ల జెప్పాలె? నువ్వు ముందట, నేను తోకన. నడుమ నూట నలభై గొర్లు, నీ బండి సప్పుడు. ఎన్నిమాట్ల పిలిచిన్నో నాకే ఎరుక లేదు. కాలుకు ముల్లు ఇరిగిన నాడు పిలిచిన. సోయి దప్పి పడ్డ నాడు పిలిచిన. నువ్వు అద్దంల గొర్లను జూసుకుంట పోయినవ్ గని, ఎన్నడన్న బండి ఆపి ఎనుకకు మర్రి జూసినవా?"

సోయి తప్పి పడ్డ నాడు అన్న మాట దగ్గర బీరన్న ఆగిపోయాడు. ఎప్పుడు పడింది, ఎక్కడ పడింది, ఎవరు లేపారు, తనకేమీ తెలియదు. ఆ రోజు కూడా తను ముందే ఉన్నాడు. ఆ రోజు కూడా ఎవరో వీడియో తీసి ఉంటారు. ఆరు గొర్రెలు కళ్లెదుట చచ్చిపోయినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. భద్రమ్మ మళ్లీ ముడి వేయడంలో పడింది.

తెల్లవారి బీరన్న బండికి తాళం వేసి పరశురాములు కొట్టం పక్కన నిలిపాడు. క్యాన్లు, సామాను తర్వాత వచ్చి తీసుకుపోవచ్చు. మంద మారే చేను ఆరు కిలోమీటర్లు. భద్రమ్మ ముందు నిలబడి కూత వేసింది, మంద కదిలింది. బీరన్న తోకన నిలబడ్డాడు. నిన్న తూలిన గొర్రెల్లో ఒకటి ఇంకా అడుగు సరిగా వేయడం లేదు, దాని పిల్లను చంకలో ఎత్తుకున్నాడు. నడక మొదలైన కాసేపటికే దుమ్ము ముక్కుల్లోకి, కళ్లల్లోకి వచ్చింది. ముందు ఎవరున్నారో కనిపించలేదు. పాత మడమ సలపసాగింది. ఒక చోట రాయి తగిలి మోకాలి మీద పడ్డాడు. పిల్లను పట్టుకుని లేవబోతూ, అలవాటు లేని మనిషి కనుక, "భద్రా" అని ఒకసారి పిలిచాడు. గొర్రెల అరుపుల్లో ఆ పిలుపు తనకే సరిగా వినపడలేదు.

లేచి నిలబడి, కళ్లు తుడుచుకుని ముందుకు చూస్తే మంద ఆగి ఉంది. దుమ్ము మెల్లగా దిగుతోంది. అటు చివర భద్రమ్మ నిలబడి ఉంది, వెనక్కి తిరిగి, కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, అతడి కోసం చూస్తూ.